బధిరాంధుల (వినికిడి, చూపు రెండూ లేనివారి లేదా బాగా తగ్గినవారి) చేతుల్లో సైగలు చేసే ముందు జాగ్రత్తలు

– గోళ్లు కత్తిరించుకోండి. ఉంగరాలు, గాజులు, వాచీ తీసేయండి. అవతలివారి చేతులు మీ చేతుల మీదే ఉంటాయి, చిన్న గరుకైనా గుచ్చుకుంటుంది.

– ఘాటైన సెంటు వద్దు.

– అవతలివారికి కొంత చూపుంటే మీ ఒంటి రంగుకు భిన్నమైన, గళ్లు లేని చొక్కా వేసుకోండి. కిటికీకి వీపు పెట్టి కూర్చోకండి. అషర్ సిండ్రోమ్‌లో (వినికిడిని, చూపును దెబ్బతీసే జన్యు వ్యాధి) చూపు గొట్టంలోంచి చూసినట్టు కుంచించుకుపోతుంది, అందుకే సైగలు ఛాతీ ముందు చిన్నగా చేయాలి. మరీ దగ్గరికి జరిగితే చేతులే కనబడవు! దూరం ఎంతో వారినే అడగండి.

– కనుబొమలెత్తి ప్రశ్న అడిగే అలవాటు ఇక్కడ పనికిరాదు. ‘వచ్చారు’, ‘వచ్చారా’ రెండూ చేతికి ఒకేలా తగులుతాయి. అది ప్రశ్న అని చేత్తోనే తెలపాలి.

– భుజం తాకి, పేరు చెప్పి మొదలుపెట్టండి. చెప్పకుండా లేచి వెళ్తే అవతలివారు ఖాళీ కుర్చీతో మాట్లాడుతుంటారు.

– ఇద్దరు ఇంటర్‌ప్రెటర్లు (మాటల్ని సైగల్లోకి మార్చి చెప్పేవారు) ఉండాలి. 15–20 నిమిషాలకోసారి మారండి.