సీల్డ్ బ్యాటరీ సంరక్షణ, నాలుగో పాఠం: వోల్టేజీ ఉంది, బ్యాకప్ లేదు

ఈసారి చార్జ్ కంట్రోలర్ (సోలార్ ప్యానెల్ నుంచి బ్యాటరీకి వెళ్లే చార్జింగును అదుపు చేసే పెట్టె) సెట్టింగులు చెబుతానని మాటిచ్చాను. వాటిని చివరికి నెట్టేస్తున్నాను. పోయిన పాఠంలో బ్యాటరీని విడిగా ఉంచి వోల్టేజీ కొలిచి రాయమంటే మీరు పంపిన అంకెలు చూశాక, ఆ సంగతి తేలితే గానీ ముందుకు పోయి లాభం లేదనిపించింది.

చాలామంది రాసినవి 13.4, 13.6. ఒకరు 14.1 రాసి పక్కన ‘ఫుల్’ అని కూడా పెట్టారు. ఆ అంకె బ్యాటరీది కాదు, చార్జర్‌ది. 12 వోల్టుల సీల్డ్ బ్యాటరీ (నీళ్లు పోయడానికి మూత లేని లెడ్-యాసిడ్ బ్యాటరీ) నిండా చార్జయ్యాక, అన్నీ తీసేసి కొన్ని గంటలు వదిలేస్తే 12.8, 13.0 మధ్య ఎక్కడో నిలబడుతుంది. అంతకంటే బాగా ఎక్కువ చూపిస్తోందంటే ఎక్కడినుంచో కరెంటు ఇంకా వస్తోంది, లేదా చార్జింగ్ ఆపి ఎంతోసేపు కాలేదు. ప్లేట్ల పైపొరలో చేరిన చార్జి లోపలిదాకా సర్దుకోవడానికి టైమ్ పడుతుంది.

‘ఇన్వర్టర్ స్విచ్ ఆపేశాం కదా’ అన్నారు కొందరు. ముందున్న ఆ స్విచ్ చాలా ఇన్వర్టర్లలో మీ ఇంటికి వెళ్లే సప్లైనే ఆపుతుంది. మెయిన్స్ ఉన్నంతసేపూ చార్జింగ్ దాని దారిన అది నడుస్తుంది. ప్యానెల్ సంగతీ అంతే, దానికి మీ స్విచ్‌తో పనే లేదు. కాబట్టి ముందు ప్యానెల్ వైరు తీయండి, తర్వాత బ్యాటరీ వైరు. తిరిగి పెట్టేటప్పుడు బ్యాటరీ ముందు, ప్యానెల్ తర్వాత. ఈ వరస తప్పితే కొన్ని కంట్రోలర్లు పాడైపోతాయి. నేనైతే రాత్రి తీసేసి, తెల్లారి కొలుస్తాను. మధ్యలో గంటకోసారి వెళ్లి మీటరు పెట్టే ఓపిక నాకు లేదు.

ఇంకో మాట. ‘12.0 ఉంది, 12 వోల్టుల బ్యాటరీయే కదా, బాగానే ఉంది’ అని రాసినవారు దయచేసి ఆ బ్యాటరీని ఇవాళే చార్జింగులో పెట్టండి. విడిగా ఉన్నప్పుడు 12.2, 12.3 అంటే సగం. 12.0 అంటే దాదాపు పావు వంతే మిగిలినట్టు. 11.8కి దిగిందంటే ఖాళీ అనే అనుకోండి. ఆ స్థితిలో రోజుల తరబడి వదిలేస్తే ప్లేట్ల మీద లెడ్ సల్ఫేట్ గట్టిపడిపోతుంది. ఆ తర్వాత ఎంత చార్జ్ చేసినా అదంతా వెనక్కి కరగదు.

ఇక అసలు ఫిర్యాదు. ‘మీరు చెప్పినట్టే కొలిచాను, 12.75 ఉంది. కరెంటు పోయిన పది నిమిషాలకే యూపీఎస్ బీప్ కొడుతోంది.’ పేరు గొప్ప, ఊరు దిబ్బ అన్నట్టుంది కదా? ఇందులో వింతేమీ లేదు. విడిగా కొలిచిన వోల్టేజీ బిందె ఎంతవరకు నిండిందో చెబుతుంది, ఆ బిందెలో సగం ఇసుకే ఉందన్న సంగతి చెప్పదు. సల్ఫేట్ పట్టిన ప్లేట్లు, ఎండిపోయిన ఎలక్ట్రొలైట్, తుప్పు తిన్న గ్రిడ్లు... వీటిలో ఏదీ విడిగా కొలిచే వోల్టేజీని పెద్దగా కదపదు. పైగా లోపలి రెసిస్టెన్స్ పెరుగుతుంది. యూపీఎస్‌లో ఉండే 7 ఏహెచ్ (యాంపియర్-అవర్, కెపాసిటీ కొలత) బ్యాటరీ మంచిదైతే ఆ రెసిస్టెన్స్ 0.03 ఓమ్ లోపే ఉంటుంది. ముసలిదై 0.15కి చేరిందనుకోండి. 10 యాంపులు లాగగానే ఒకటిన్నర వోల్టు అక్కడే పోతుంది, 12.75 కాస్తా 11.25 అవుతుంది. బీప్ కొట్టక ఏం చేస్తుంది?

అందుకే లోడ్ పెట్టి చూడాలి. నా పద్ధతి చాలా మొరటుది, కానీ పనికొస్తుంది. 100 ఏహెచ్ బ్యాటరీకి 55 వాట్ల కారు హెడ్‌లైట్ బల్బు ఒకటి చాలు. సుమారు 4.5 యాంపులు లాగుతుంది. బ్యాటరీ మీద రాసిన 100 ఏహెచ్ కూడా 20 గంటల లెక్కే, అంటే 20 గంటల పాటు 5 యాంపులు, కాబట్టి లెక్క కుదురుతుంది. పాజిటివ్ టెర్మినల్ పక్కనే 10 యాంపుల ఫ్యూజు పెట్టండి. బల్బును పింగాణీ పలక మీదో ఇనుప పళ్లెంలోనో ఉంచండి, ఆ గాజు ప్లాస్టిక్‌ను కరిగించేంత వేడెక్కుతుంది. 7 ఏహెచ్ దానికైతే 5 వాట్ల చిన్న పార్కింగ్ బల్బు.

బల్బు వెలుగుతుండగానే, బ్యాటరీ టెర్మినల్ దిమ్మ మీదే మీటరు పిన్నులు ఆనించి కొలవండి, వైరు చివరి లగ్ (బిగించే లోహపు కొస) మీద కాదు. అనుమానం ఉంటే ఒక పిన్ను దిమ్మ మీద, రెండోది లగ్ మీద పెట్టి చూడండి. ఇంత చిన్న లోడ్‌కి అక్కడ దాదాపు సున్నా రావాలి. పదుల మిల్లీవోల్టులు వస్తే నట్టు వదులైంది, లేదా మధ్యలో తుప్పు చేరింది. బ్యాటరీని తిట్టుకునే ముందు దాన్ని శుభ్రం చేసి బిగించండి.

పది గంటలు వెలిగాక ఆరోగ్యంగా ఉన్న బ్యాటరీ లోడ్ మీద కూడా 12కి పైనే ఉండాలి. పది గంటల్లోపే 11.5కి దిగితే ఎన్నో గంటలో దిగిందో రాసుకుని అక్కడితో ఆపేయండి. పూర్తి పరీక్ష అంటే 10.5 దాకా దించాలి. కెపాసిటీ 80 శాతానికి పడిందంటే ఆ బ్యాటరీ ఆయుష్షు తీరినట్టు అనే లెక్క కూడా ఆ పరీక్షకే వర్తిస్తుంది. ఇంటికి అంత అక్కర్లేదని నా అభిప్రాయం. ఊరికే ఓ డీప్ డిశ్చార్జ్ వృథా.

ఇక్కడొక విషయం దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే ఎన్నిసార్లు చెప్పినా చేస్తూనే ఉన్నారు. సిరీస్‌లో (ఒకదాని పాజిటివ్ మరోదాని నెగెటివ్‌కి కలిపి) రెండు బ్యాటరీలు, ఒకటి పోయింది, ఆ ఒక్కటే మార్చారు. ‘రెండోది బాగానే ఉంది, ఎందుకు పారేయాలి?’ అంటారు. కంట్రోలర్‌కి కనిపించేది మొత్తం వోల్టేజీ ఒక్కటే. ఒక్కోదానికి 14.4 చొప్పున 28.8 వచ్చిందా లేదా, అంతే. అది రెండిటికీ ఎలా పంచుకుందో దానికి తెలియదు.

పాతదానికి కెపాసిటీ తక్కువ కాబట్టి ముందే నిండిపోతుంది. నిండగానే దాని వోల్టేజీ ఎగబాకుతుంది, 15 దాకా పోతుంది. మిగిలేది 13.8. కొత్తది ఆ 13.8తోనే సరిపెట్టుకోవాలి, ఎప్పటికీ పూర్తిగా నిండదు. అంటే పాతది రోజూ ఓవర్‌చార్జ్ అయి ఎండిపోతుంటే, కొత్తది రోజూ ఆకలితో సల్ఫేట్ పడుతుంది. డిశ్చార్జ్‌లో కథ తిరగబడుతుంది. ఇన్వర్టర్ 21 వోల్టుల దగ్గర ఆగుతుందనుకోండి. అప్పటికి కొత్తది 12 దగ్గర హాయిగా ఉంటే పాతది 9కి పడిపోయి ఉంటుంది. ఇక పాతదాంట్లో ఒక సెల్ షార్ట్ అయి ఉంటే వ్యవహారం ఇంకా పాడు. అప్పుడు అది 12కి అటూఇటూగా ఆగిపోతుంది, కొత్తదాని మీద 16కి పైగా పడుతుంది. కొత్త బ్యాటరీ ఉబ్బడం, వేడెక్కడం అప్పుడే మొదలు. నాలుగు బ్యాటరీల 48 వోల్టుల బ్యాంకులో అయితే మొత్తం వోల్టేజీ చూసి ఈ తేడా పట్టుకోవడం దాదాపు అసాధ్యం. అందుకని సిరీస్‌లో ఉన్నవన్నీ ఒకే రకం, ఒకే కెపాసిటీ, ఒకే వయసు ఉండాలి. మారిస్తే మొత్తం మార్చాలి. మిగిలిన మంచిదాన్ని ఏ చిన్న లైటుకో విడిగా వాడుకోండి, ఎవరూ కాదనరు.

సెట్టింగులు, త్వరగా. బ్యాటరీ మీద ముద్రించిన అంకెలే ప్రమాణం. అవి చెరిగిపోతే 25 డిగ్రీల దగ్గర ఏజీఎమ్‌కి (ఆమ్లం గాజు పీచులో ఇంకి ఉండే రకం) చార్జింగ్ 14.4 నుంచి 14.7, జెల్‌కి (ఆమ్లం జిగురులా గట్టిపడి ఉండే రకం) 14.1 నుంచి 14.4, ఫ్లోట్ (నిండాక అలాగే నిలబెట్టే వోల్టేజీ) రెండిటికీ 13.5 నుంచి 13.8. ఫ్లోట్‌ని నేను కింది కొసకే పెడతాను. వేడి పెరిగే కొద్దీ ఫ్లోట్ తగ్గాలి, డిగ్రీకి దాదాపు 18 మిల్లీవోల్టులు. 25 దగ్గర 13.6 ఉంటే 40 డిగ్రీల గదిలో 13.3 చాలు. టెంపరేచర్ సెన్సర్ ఉంటే దాన్ని బ్యాటరీ పక్క గోడకి అతికించండి, గాల్లో వేలాడదీస్తే లాభం లేదు. ఈక్వలైజ్ (కావాలని మామూలు కంటే ఎక్కువ వోల్టేజీ ఇచ్చే చార్జింగ్) ఆప్షన్ ఆఫ్. ఆ వోల్టేజీకి లోపల గ్యాస్ తిరిగి నీరుగా మారే వేగం చాలదు, వాల్వ్ తెరుచుకుని బయటికి పోతుంది. పోసుకోవడానికి మూత లేదు కాబట్టి పోయిన నీరు పోయినట్టే.

అభ్యాసం. ఈసారి కొంచెం కష్టమే. బ్యాంకులో ఉన్న ప్రతి బ్యాటరీకీ విడివిడిగా బల్బు పరీక్ష చేయండి, గంటకోసారి లోడ్ మీద వోల్టేజీ, గది ఉష్ణోగ్రత రాయండి. సిరీస్ ఉన్నవారు అదనంగా, చార్జింగ్ చివరి గంటలో ఒక్కో బ్యాటరీ వోల్టేజీ కొలవండి. రెండిటి మధ్య తేడా అర వోల్టు దాటితే ముందు నాకు రాయండి, ఏదీ మార్చకండి. పరీక్ష ముగిసిన రోజే తిరిగి నిండా చార్జ్ చేయండి. మబ్బు రోజుల్లో, ప్యానెల్ మీదే ఆధారపడినవారు మాత్రం ఈ పని పెట్టుకోవద్దు. ఎండ వచ్చాక చేయండి.