ఇంట్లోనే సొంత విస్కీ బ్లెండ్ కలుపుకోవడం ఎలా?

ఇంట్లో విస్కీలు కలిపేటప్పుడు చాలామంది ఉన్నవన్నీ సమానంగా పోసేస్తారు. అలా చేస్తే ఘాటైనది మెత్తనిదాన్ని మింగేస్తుంది. బ్లెండ్ రుచి సీసా ధర మీద కాదు, పాళ్ల మీద ఆధారపడుతుంది.

కాబట్టి ముందు ఆధారంగా ఏది ఉండాలో తేల్చుకోండి. తేలికగా, కాస్త తియ్యగా ఉండే గ్రెయిన్ విస్కీ (గోధుమ, మొక్కజొన్న లాంటి ధాన్యాలతో చేసేది) గానీ, మామూలు బ్లెండెడ్ స్కాచ్ గానీ సరిపోతుంది. 1860లో బ్రిటన్ చట్టం పన్ను కట్టకముందే గోదాముల్లో, మొలకెత్తించిన బార్లీతో చేసే మాల్ట్‌నూ గ్రెయిన్‌నూ కలపడానికి అనుమతించాక, స్కాచ్ బ్లెండ్లు ఈ పద్ధతిలోనే పెరిగాయి: తేలికైన గ్రెయిన్ మీద గాఢమైన మాల్ట్.

సామాన్లు పెద్దగా అక్కర్లేదు. సూది లేని సిరంజి, చిన్న గాజు గ్లాసులు, మంచినీళ్లు, ఒక నోట్‌బుక్. సీలు ఉన్న, నమ్మకమైన సీసాలే వాడండి. ఎక్కడ తయారైందో తెలియని సారా కలపొద్దు. దాంట్లో మిథనాల్ ఉంటే చూపు పోవచ్చు, ప్రాణమే పోవచ్చు.

ఇప్పుడు ఒక్కోదాన్నీ విడిగా వాసన చూడండి. 40 శాతం ఆల్కహాల్ ఉన్న విస్కీకి సమానంగా నీళ్లు కలిపితే 20 శాతానికి దిగుతుంది. అప్పుడు ఆల్కహాల్ మంట తగ్గి అసలు వాసనలు తెలుస్తాయి. బ్లెండింగ్ వృత్తిలో ఉన్నవాళ్లు కూడా ఇలాగే చూస్తారు. ఈ పనిలో ముక్కుదే పెద్ద పాత్ర. రుచి చూడాల్సి వస్తే ఉమ్మేయండి, లేకపోతే నాలుగో గ్లాసుకి తీర్పు పాడవుతుంది.

అసలు పని ఇక్కడ మొదలవుతుంది. ఆధారం 20 మి.లీ. తీసుకుని, రెండోదాన్ని 2 మి.లీ. చొప్పున చేరుస్తూ ప్రతిసారీ వాసన చూసి రాసుకోండి. స్కాట్లాండ్‌లోని ఐలా ద్వీపపు పీట్ (బురద నేలల్లో దొరికే ఇంధనం) పొగ విస్కీ అయితే అర మి.లీ.తో మొదలుపెట్టండి. ఎక్కువైన పొగను వెనక్కి తీయలేం కదా! షెర్రీ (స్పెయిన్ వైన్) పీపాల్లో పండిన మాల్ట్ ఎండుద్రాక్ష లాంటి వాసన ఇస్తుంది, ఎక్కువగా మొక్కజొన్నతో చేసే అమెరికన్ విస్కీ బోర్బన్ వెనిలా తీపిని తెస్తుంది. కొద్దిగా డార్క్ రమ్ కలిపితే బోర్బన్ నిండుగా అనిపిస్తుంది. రై అనే ధాన్యంతో చేసే విస్కీ మిరియపు ఘాటుకి బ్రాందీ బాగా నప్పుతుంది. జిన్ జోలికి మాత్రం నేను వెళ్లను. దాంట్లోని జునిపర్ కాయల వాసన దేన్నీ బతకనివ్వదు. క్రీమ్ లిక్కర్లు అసలే వద్దు, పాలు ఉంటాయి కాబట్టి నిల్వ ఉండవు.

బలం లెక్క సులువు. 40 శాతంది 60 మి.లీ., 50 శాతంది 40 మి.లీ. కలిపితే ఆల్కహాల్ 24 + 20, అంటే 100 మి.లీ.లో 44, సుమారు 44 శాతం. చిల్ ఫిల్టర్ చేయని (చల్లబరిచి వడకట్టని) విస్కీకి నీళ్లు తగిలి 46 శాతం కంటే దిగితే కాస్త మసకబారొచ్చు. అది చెడిపోవడం కాదు.

నచ్చిన పాళ్లు దొరికాక వెంటనే సీసా నింపకండి. 100 మి.లీ. కలిపి, మూత బిగించి, వారం రెండు వారాలు పక్కన పెట్టండి. రుచులు కలిసిపోయే సమయం ఇవ్వాలి. మళ్లీ చూసినప్పుడు పొగ అణిగి ఉండొచ్చు, తీపి తేలి ఉండొచ్చు. దాన్ని బట్టి పాళ్లు సవరించి, అప్పుడు పెద్ద సీసా కలపండి.

నిల్వకి మామూలు గాజు సీసానే మంచిది. సీసం కలిసిన క్రిస్టల్ డికాంటర్లో ఎక్కువ రోజులు ఉంచితే సీసం మద్యంలోకి దిగుతుంది. కార్క్ తడవకుండా నిలబెట్టి, ఎండ తగలని చోట ఉంచండి. సగం కంటే తగ్గితే చిన్న సీసాలోకి మార్చేయండి, గాలి తక్కువ తగులుతుంది. సీసా మీద పాళ్లు, తేదీ రాసిన చీటీ అంటించండి.