జాన్ ఆడమ్స్ ‘షార్ట్ రైడ్ ఇన్ ఎ ఫాస్ట్ మెషీన్’: తొలిసారి వినేవారికి

పాశ్చాత్య ఆర్కెస్ట్రా సంగీతం పరిచయం లేనివారు ఎక్కడ మొదలుపెట్టాలని అడిగితే, నేను అమెరికన్ స్వరకర్త జాన్ ఆడమ్స్ 1986లో రాసిన ఈ నాలుగు నిమిషాల రచననే సూచిస్తాను. ఇందులో ముందుగా పట్టుకోవలసింది లయ. తాళం వేస్తూ పాట వినే అలవాటున్న మనకు అది కష్టం కాదు. మసాచుసెట్స్‌లోని గ్రేట్ వుడ్స్ ఉత్సవం కోసం రాసిన ఈ వేడుక సంగీతాన్ని (ఫ్యాన్‌ఫేర్) ఆ ఏడాది జూన్ 13న, మైకేల్ టిల్సన్ థామస్ వాద్యబృందాన్ని నడిపించే కండక్టర్‌గా, పిట్స్‌బర్గ్ సింఫనీ ఆర్కెస్ట్రా తొలిసారి వాయించింది.

ఫోన్ స్పీకరులో మంద్రస్థాయి వాద్యాలు సరిగా వినబడవు కనుక హెడ్‌ఫోన్లు పెట్టుకోండి.

మొదటిసారి వుడ్‌బ్లాక్ మీదే చెవి ఉంచండి. బోలుగా తొలిచిన చెక్కను పుల్లతో కొడితే వచ్చే ఆ టకటక ధ్వనితోనే రచన మొదలవుతుంది. దానితోపాటు తొడమీద చేత్తో దెబ్బ వేస్తూ ఉండండి. క్లారినెట్లు, సింథసైజర్లు చిన్న స్వరగుచ్ఛాన్ని మళ్లీ మళ్లీ వాయిస్తూ చేరతాయి. ఆ తర్వాత ఇత్తడి వాద్యాల ఊనికలు మీ దెబ్బ మీద కాకుండా దాని పక్కన పడటంతో చెయ్యి తడబడుతుంది. అయినా వుడ్‌బ్లాక్‌ను వదలకండి, ఎందుకంటే ఈ సంగీతంలోని ఉత్కంఠ అంతా ఆ పొసగనితనం నుంచే పుడుతోంది.

రెండోసారి ట్యూబా (పెద్ద ఇత్తడి బూర), డబుల్ బాస్ (నిలువెత్తు తంత్రీవాద్యం) వంటి భారీ వాద్యాలను గమనించండి. నిదానంగా కదలడానికి అలవాటుపడిన వాటిని ఆ బిగువైన లయలో పరుగెత్తించడంలోనే తనకు సరదా ఉందని ఆడమ్స్ చెప్పారు. వీడియో దొరికితే ఆ వాద్యకారుల చేతులు చూడండి.

మూడోసారి చివరి భాగం కోసం ఎదురుచూడండి. వుడ్‌బ్లాక్ ఆగిపోయి, ట్రంపెట్లు దీర్ఘమైన రాగాన్ని ఎత్తుకున్నప్పుడు, అంతవరకూ బిగబట్టిన ఊపిరి వదిలినట్టు ఆర్కెస్ట్రా అంతా విప్పారుతుంది. నాకు ఈ రచనలో అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం ఇదే.

ఈ సంబరంలో కొంత భయమూ ఉంది. రచన పేరుకు ‘వేగంగా పోయే యంత్రంలో చిన్న షికారు’ అని అర్థం. స్పోర్ట్స్ కారులో షికారుకు రమ్మంటే ఎక్కి, ఎందుకెక్కానా అనుకునే స్థితిని ఆడమ్స్ ఈ పేరుతో ముడిపెట్టారు. 1997లో కారు ప్రమాదంలో బ్రిటన్ యువరాణి డయానా మరణానంతరం, 2001లో అమెరికాపై సెప్టెంబర్ 11 విమాన దాడుల తర్వాత, ఈ పేరు సందర్భానికి తగదని, లండన్‌లో ఏటా జరిగే ప్రామ్స్ సంగీతోత్సవం చివరి రాత్రి కార్యక్రమం నుంచి దీన్ని తొలగించారు.

ఈ రచన మూడుసార్లు విన్న వెంటనే, ఆడమ్స్ అదే ఏడాది రాసిన మరో ఫ్యాన్‌ఫేర్ ‘ట్రోంబా లోంటానా’ వినండి. అందులో దూరదూరంగా నిలబడిన రెండు ట్రంపెట్లు మెల్లగా పలుకుతాయి.