నెల్లూరు, ఒంగోలు కాడ గేమ్ కన్సోల్ ఎట్టా కొనాలి: మా బామ్మర్దికి చెప్పిందే మీకూ చెప్తున్నా

పోయిన సంక్రాంతికి అల్లూరు పోతే మా బామ్మర్ది పట్టుకున్నాడు. రొయ్యల పట్టుబడి బాగా వచ్చింది, చేతిలో నాలుగు డబ్బులున్నాయి, "బావా, పీఎస్5 తీసుకోనా ఎక్స్‌బాక్స్ తీసుకోనా, నువ్వు ఏది చెప్తే అది" అన్నాడు. పీఎస్5 అంటే సోనీ కంపెనీ ప్లేస్టేషన్ 5, ఎక్స్‌బాక్స్ మైక్రోసాఫ్ట్‌ది, రెండూ టీవీకి తగిలించి గేములాడుకునే పెట్టెలే. పక్కన వాడి ఫ్రెండ్ ఒకడు కూర్చోనుండి, ఎక్స్‌బాక్స్ కొన్నావంటే మీ ఇంటికి రానురా అంటున్నాడు, అదీ నిజమైన కోపంతో. ఆ పిల్లోణ్ణి నేను తప్పు పట్టను. కావలిలో ఇంటర్ చదివేటప్పుడు గంటకి పది రూపాయలిచ్చి గేమ్ సెంటర్లో పీఎస్2 మీద క్రికెట్ 07 ఆడినోణ్ణి నేను, ఆ పెట్టె ఆన్ చేస్తే వచ్చే శబ్దం ఇప్పుడు విన్నా నాకు ఆ ఇరుకు రూమూ ఆ పాత టీవీ అన్నీ గుర్తొస్తాయి, అందుకే చాలా ఏళ్ళు వేరే కంపెనీ పేరు కూడా ఎత్తనిచ్చేవాణ్ణి కాదు. ఆ ఇష్టం మంచిదే, ఉంచుకోండి. కానీ యాభై వేలు బయటికి తీసేటప్పుడు మాత్రం దాన్ని రవ్వంత పక్కన పెట్టండి, ఎందుకో చెప్తా.

కంపెనీలకి మన మీద అట్టాంటి పట్టింపు ఏమీ లేదు. అసలు సోనీ ఈ ఆటలోకి వచ్చిందే ఒక పొత్తు చెడి. 1988లో నింటెండో అనే ఇంకో గేమ్ కంపెనీ, సోనీ రెండూ కలిసి సీడీతో నడిచే మెషీన్ చేద్దాం అని ఒప్పందం రాసుకున్నాయి, 1991లో చికాగో ఎగ్జిబిషన్లో సోనీ దాన్ని ప్రకటించిన మరుసటి రోజే నింటెండో పోయి ఫిలిప్స్‌తో కలిసింది. ఆ కసితోనే 1994 డిసెంబర్లో మొదటి ప్లేస్టేషన్ వచ్చింది. సెగా అనే గేమ్ కంపెనీ అయితే నింటెండోకి బద్ధ శత్రువు, 2001లో డ్రీమ్‌క్యాస్ట్ అనే తన పెట్టెని ఆపేసి కన్సోళ్ళే మానుకుంది, ఆ తర్వాత వాళ్ళ గేముల హీరో సోనిక్ పోయి నింటెండో మెషీన్ల మీద పరిగెత్తాడు. ఇప్పుడు చూడండి, సోనీ గేమ్ గాడ్ ఆఫ్ వార్ 2022లో కంప్యూటర్‌కి వచ్చేసింది, మైక్రోసాఫ్ట్ ఫోర్జా హొరైజన్ 5 అనే కార్ల గేమ్ 2025 ఏప్రిల్‌లో పీఎస్5కి వచ్చేసింది. వాళ్ళు వాళ్ళు వ్యాపారం చూసుకొని ఒకరి గుమ్మంలోకి ఒకరు పోతుంటే మనం ఇక్కడ ఫ్రెండ్స్‌తో మాటలు మానుకోవడం ఏంది.

అందుకని మొదట చెయ్యాల్సిన పని, షాపుకి పోయేముందే ఒక కాయితం తీసుకొని మీ వీధిలో, మీ కాలేజీలో, మీ చుట్టాల్లో ఎవరి ఇంట్లో ఏ పెట్టె ఉందో రాయండి. నవ్వుకోబాకండి, నిజంగా రాయండి. మా బామ్మర్ది రాస్తే నాలుగిళ్ళు వచ్చాయి, మూడిళ్ళలో పీఎస్4, ఒక దాంట్లో పీఎస్5. సగం జవాబు అక్కడే వచ్చేసింది. ఎందుకంటే మన లాంటి ఊళ్ళల్లో గేమ్ అనేది ఒక్కరు కొంటే నలుగురు ఆడుకునే వస్తువు. పీఎస్5కి పెద్ద గేమ్ కొత్తగా వచ్చినప్పుడు ఐదు వేల దరిదాపుల్లో పెడతారు, ఏడాదికి అట్టాంటివి ఎన్ని కొనగలరు మీరు? అదే నలుగురు తలా ఒకటి కొని మార్చుకుంటే అందరూ నాలుగూ ఆడతారు, ఆడేశాక అమ్మితే సగం డబ్బులైనా చేతికొస్తాయి.

ఇక్కడే చాలామంది దెబ్బ తినేది. డిస్క్ పెట్టే వీలు లేని పెట్టె నాలుగైదు వేలు తక్కువకో పది వేలు తక్కువకో వస్తుంది కదా అని అది తెచ్చుకుంటారు. పీఎస్5లో డిజిటల్ ఎడిషన్, ఎక్స్‌బాక్స్‌లో సిరీస్ ఎస్, వీటికి డిస్క్ పెట్టే చోటే ఉండదు. డౌన్‌లోడ్ చేసుకున్న గేమ్ మీ అకౌంట్‌కి కట్టేసినట్టు ఉంటుంది, తమ్ముడికి ఇవ్వలేరు, అమ్మలేరు, మార్చుకోలేరు. 2021 ఫిబ్రవరిలో పీఎస్5 మన దేశంలో దిగినప్పుడు డిస్క్ ఉన్నది 49,990, డిజిటల్ 39,990. ఆ పది వేల తేడా రెండు మూడు గేములు చేతులు మారితే తిరిగొచ్చేస్తుంది. పైగా పీఎస్4 డిస్కులు పీఎస్5లో ఆడతాయి, అంటే మా బామ్మర్దికి ఆ మూడిళ్ళ డిస్కులన్నీ మొదటి రోజు నుంచే పనికొస్తాయి.

ఇంకోటి, కంపెనీ షాపు మూసేస్తే ఏంది అనేది కూడా ఆలోచించాలి. నింటెండో వాళ్ళు 3డీఎస్, వీ యూ అనే పాత పెట్టెల ఆన్‌లైన్ షాపుల్ని 2023 మార్చిలో మూశారు, మైక్రోసాఫ్ట్ వాళ్ళు పాత ఎక్స్‌బాక్స్ 360 షాపుని 2024 జూలైలో మూశారు, అంతకుముందు కొన్నవి మళ్ళీ దించుకోవచ్చు గానీ కొత్తగా కొనడానికి లేదు. అదే డిస్క్ అయితే అట్టపెట్టెలో పడుంటుంది, ఎప్పుడైనా తీసి పెట్టుకోవచ్చు. అయితే డిస్క్ ఉంటే నెట్ అక్కర్లేదు అనుకోబాకండి, ఇప్పటి గేముల్లో చాలావాటికి డిస్క్ పెట్టాక కూడా అప్‌డేట్లు దించుకోవాల్సిందే.

నెట్ సంగతి లెక్కేసి చూసుకోండి. వంద జీబీ గేమ్ ఒకటి, మీకు 50 ఎంబీపీఎస్ ఫైబర్ ఉంటే నాలుగున్నర గంటలు. అదే రోజుకి 2 జీబీ మొబైల్ డేటా మీద అయితే యాభై రోజులు. ఒంగోలు కర్నూలు రోడ్డులో ఉండే మా పెదనాన్న కొడుక్కి నేను సిరీస్ ఎసే కొనమన్నా. ఇద్దరు చిన్న పిల్లలు, ఇంట్లో మంచి ఫైబర్, చుట్టుపక్కల కన్సోల్ ఉన్న ఇల్లే లేదు, పిల్లలు ఒక గేమ్ రెండ్రోజులు ఆడి వదిలేస్తారు, నెలనెలా చందా కట్టి వందల గేములు తిప్పుకునే ఎక్స్‌బాక్స్ గేమ్ పాస్ వాళ్ళకి అతికినట్టు సరిపోయింది. ఒక్కటే గుర్తుపెట్టుకోండి, 512 జీబీ సిరీస్ ఎస్‌లో మన చేతికొచ్చేది 364 జీబీనే, పెద్ద గేములు మూడు పట్టేసరికి నాలుగోదానికి ఒకటి తీసెయ్యాలి. నేను సోనీ మనిషినే అయినా వాళ్ళకి ఎక్స్‌బాక్స్ చెప్పా, ఇప్పుడు తలుచుకున్నా అదే కరెక్ట్ అనిపిస్తుంది.

నింటెండో వాళ్ళ స్విచ్ అనే పెట్టె అడిగేవాళ్ళకి ఒక్క మాట, నింటెండో మన దేశంలో నేరుగా అమ్మదు, ఇక్కడ దొరికేవన్నీ బయట నుంచి తెప్పించినవే, వారంటీ అంటే ఆ షాపు వాడి మాటే. మారియో, జెల్డా గేముల మీద ప్రాణం పెట్టుకుంటే కొనుక్కోండి, అవి ఇంకెక్కడా రావు. టీవీ గురించి పెద్దగా చెప్పేదేం లేదు, ఇంట్లో ఉన్నది 32 అంగుళాల మామూలుదైతే 4కే అంటూ ఎగబడి ఖరీదైనది కొనాల్సిన పని లేదు, టీవీలో గేమ్ మోడ్ ఉంటే ఆన్ చేసుకోండి, అంతే.

సెకండ్ హ్యాండ్ కొనేవాళ్ళు మాత్రం ఇది రెండు తూర్లు చదవండి. 2019లో నేను ఒక షాపులో పీఎస్4 కొన్నా, ఏ ఊరో ఏ షాపో ఎందుకులే, తళతళా తుడిచి పెట్టాడు, గేమ్ పెట్టి చూపించాడు, బ్రహ్మాండంగా ఆడింది. ఇంటికొచ్చి అకౌంట్ పెడితే ఆన్‌లైన్‌లోకి పోనివ్వడం లేదు. ముందు వాడుకున్నోడు ఏదో తప్పు పని చేస్తే కంపెనీ ఆ మెషీన్‌నే బ్యాన్ చేసి పెట్టింది, అకౌంట్ మారిస్తే పోయేది కాదు అది. వెనక్కి తీసుకోమంటే నువ్వు చూసుకునే కదా తీసుకున్నావ్ అన్నాడు. రెండు వారాలు అన్నం సయించలేదు నాకు, అది మా నాన్న పంట డబ్బుల్లోంచి ఇచ్చింది.

అప్పటి నుంచి నేను చేసేది ఇది. డబ్బులు చేతిలో పెట్టకముందే నా ఫోన్ హాట్‌స్పాట్ ఆన్ చేసి, నా సొంత అకౌంట్‌తో అక్కడే లాగిన్ అయ్యి ఆన్‌లైన్‌లోకి పోతుందో లేదో చూస్తా. అట్టపెట్టె మీద సీరియల్ నంబరూ మెషీన్ వెనక నంబరూ ఒకటేనా చూస్తా. తర్వాత డిస్క్ పెట్టడం తియ్యడం మూడు తూర్లు చేస్తా, లోపలికి లాక్కునేటప్పుడు కరకరమని గీరినట్టు వినపడితే వద్దనేస్తా. కంట్రోలర్ పట్టుకొని ఏదైనా గేమ్‌లో మనిషిని నిలబెట్టి, కంట్రోలర్ మీద తిప్పే స్టిక్కుల నుంచి వేళ్ళు తీసేసి ఒక నిమిషం ఊరికే చూస్తా, కెమెరా దానంతటదే పక్కకి జరిగిందా, అది డ్రిఫ్ట్, లోపల అరిగిపోయింది, ఆ ఖర్చు బేరంలో తగ్గించాల్సిందే. పీఎస్4 కంట్రోలర్ అయితే చార్జింగ్ వైరు పెట్టి కదిలించండి, ఆ చిన్న పిన్ను తొందరగా వదులైపోతుంది.

అన్నిటికన్నా ముఖ్యం వెనకాల టీవీ వైరు పెట్టే హెచ్‌డీఎంఐ పోర్టు. ఫోన్ టార్చి వేసి లోపలికి చూడండి, పిన్నులు వంగాయా, చుట్టూ రేకు మీద తుప్పు ఉందా. మన సముద్రం పక్క ఊళ్ళల్లో, మైపాడు, ఇసకపల్లి, కొత్తపట్నం వైపు వాడిన మెషీన్లకి ఇది మామూలే. ఉప్పు గాలికి స్క్రూలు ఎర్రగా అయిపోతాయి, పోర్టు రేకు మీద తెల్లగా పొడి పేరుకుంటుంది, లోపల రాగి ఉన్న చోట పచ్చగా నాచు పట్టినట్టు ఉంటుంది. వైరు పెట్టి మెల్లగా అటూ ఇటూ కదిపితే టీవీలో బొమ్మ పోయి వస్తుంటే ఇక లేచి వచ్చెయ్యండి. చివరగా ఒక పెద్ద గేమ్ పెట్టి అరగంట ఆడండి, టీ తాగుతూ కూర్చోండి, అమ్మేవాడు తొందర పెడుతుంటే అదే ఒక గుర్తు. ఫ్యాన్ రోడ్డు మీద లారీ పోయినట్టు మోగుతుంటే లోపల దుమ్ము నిండిపోయిందని అర్థం.

కొత్తది కొనేవాళ్ళకి చెన్నై రిచీ స్ట్రీట్ పోదాం అనిపిస్తుంది, నెల్లూరు వాళ్ళకి అలవాటే అది, రైలెక్కితే మధ్యాహ్నానికి అక్కడుంటాం. పోండి, కానీ జీఎస్టీ బిల్లు లేకుండా రూపాయి తగ్గినా తీసుకోబాకండి, బిల్లే మీ ఏడాది వారంటీ. దుబాయ్ నుంచి బావో బాబాయో తెచ్చే పీస్ అయితే ఇక్కడ సర్వీస్ సెంటర్ వాళ్ళు వారంటీ కింద తీసుకుంటారా అని ముందే ఫోన్ చేసి కనుక్కోండి. పీఎస్5 డిస్కులు ఏ దేశంవైనా ఆడతాయి, కానీ ఎగస్ట్రా కంటెంట్ కొనాలంటే డిస్క్ ఏ రీజియన్‌దో అకౌంట్ కూడా అదే రీజియన్‌ది ఉండాలి, క్రికెట్ గేమ్‌కి వేరే టీముల ప్యాక్ కొని అది కనిపించక ఏడ్చిన పిల్లల్ని చూశా నేను.

తెచ్చుకున్నాక కరెంట్ సంగతి. రొయ్యల గుంటల కాడ నీళ్ళలోకి గాలి కొట్టే ఏరియేటర్లు ఒక్కసారిగా ఆన్ అయితే ఇంట్లో లైట్లు మసకబారతాయి, వోల్టేజ్ పడి లేస్తుంది, అట్టాంటి చోట స్టెబిలైజర్ కానీ యూపీఎస్ కానీ తప్పకుండా పెట్టండి. పీఎస్5 పెద్ద గేమ్ ఆడేటప్పుడు 200 వాట్లు లాగుతుంది, టీవీ కలుపుకొని లెక్కేసి కొనండి, ఇన్వర్టర్ అయితే సైన్ వేవ్‌దే. పూర్తిగా ఆపకుండా కునుకు తీసినట్టు ఉంచే రెస్ట్ మోడ్‌లో పెట్టి పడుకోబాకండి, రాత్రి కరెంట్ పోతే పొద్దున ఆన్ చెయ్యగానే సరిగ్గా ఆపలేదని తిట్టి స్టోరేజ్ చెక్ చేస్తుంది, అది రోజూ జరిగితే ఏదో ఒక రోజు డేటా పోతుంది. పూర్తిగా ఆఫ్ చేసి స్విచ్ తీసెయ్యడం మేలు.

ఎండాకాలం ఇంకా జాగ్రత్త. పీఎస్5ని 5 నుంచి 35 డిగ్రీల వేడిలోనే వాడాలని కంపెనీనే రాసింది, మన కాడ రోహిణీ కార్తెలో మధ్యాహ్నం ఎంత ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు. మే నెలలో ఏసీ లేని రూములో పగటి పూట ఆడబాకండి, రాత్రి ఆడుకోండి. టీవీ స్టాండు అరలో దూర్చి తలుపులు మూసేవాళ్ళున్నారు, అమ్మలు దుమ్ము పడకుండా గుడ్డ కప్పుతారు, ఆడేటప్పుడు ఆ గుడ్డ తీసెయ్యండి, గోడకి కనీసం 10 సెంటీమీటర్లు ఎడం ఉంచండి.

మా బామ్మర్ది చివరికి డిస్క్ ఉన్న పీఎస్5 స్లిమ్ తీసుకున్నాడు. ఆ రోజే నేను ఇరవై రూపాయల లాంగ్ నోట్‌బుక్ ఒకటి కొనిచ్చా, మొదటి పేజీలో డిస్క్ పేరు, ఎవరిది, ఎవరు తీసుకుపోయారు, ఏ తేదీ అని గీతలు కొట్టి ఇచ్చా, ఎందుకంటే డిస్కులు పోగొట్టుకొని చెడిపోయిన స్నేహాలు కంపెనీల కోసం కొట్టుకొని చెడినవాటికన్నా ఎక్కువ చూశా. ఇప్పుడు దాంట్లో నాలుగిళ్ళవి పందొమ్మిది డిస్కులున్నాయి, ఎక్స్‌బాక్స్ కొంటే రానన్న ఆ పిల్లోడిదే చేతిరాత ఎక్కువ, వాడి దగ్గర ఇప్పుడు మూడు డిస్కులున్నాయి, ఒక దానికి నెల దాటింది.