బాస్ చేపల వేటకు మొదటి లూర్ (కృత్రిమ ఎర) కట్టే ముందు

నీళ్లు వేడెక్కే రోజులొస్తున్నాయి. పోయినసారి చేప పడింది కదా అని అదే లూర్ కట్టేయకండి.

– ముందు నీటి వేడి చూడండి. 10 డిగ్రీల సెల్సియస్ లోపుంటే బాస్ పెద్దగా వెంటపడదు. లాగుతుంటే ఊగుతూ మునిగే క్రాంక్‌బెయిట్‌ను జోరుగా లాగుతూ కూర్చుంటే పూటంతా వృథా. తల దగ్గర బరువుండే కొక్కెం లూర్ అయిన జిగ్‌ను అడుగున మెల్లగా జరపండి. లేదా సన్నటి చిరుచేపలా ఉండే జెర్క్‌బెయిట్‌ను రెండు కుదుపులు కుదిపి, మనసులో పది లెక్కపెట్టేదాకా ఆపండి. చెయ్యి ఊరుకోదు, నాకు తెలుసు. కానీ చాలాసార్లు ఆ ఆగినప్పుడే కొడుతుంది.

– లూర్‌ను మూరెడు లోతుకి దించి, నీళ్లు ఎంత తేటగా ఉన్నాయో చూడండి. కనబడలేదా? చేపకూ అంతంతమాత్రమే. రేకు తిరిగి అదురు పుట్టించే స్పిన్నర్‌బెయిట్, లేదా నలుపు–నీలం జిగ్. తేట నీళ్లలో చిన్నవి, చిరుచేపల రంగువి.

– నాచు ఉంటే మూడు ముళ్ల కొక్కేలు వద్దు, ప్రతి విసురుకీ గడ్డి పీక్కోవాలి. మొన ప్లాస్టిక్ పురుగులో దాగే టెక్సస్ రిగ్ మేలు.

– తేలే లూర్‌కి ఫ్లోరోకార్బన్ లైన్ (ఒక రకం ప్లాస్టిక్ గాలపు దారం) కట్టకండి. అది మునిగి లూర్ ముక్కును కిందికి లాగుతుంది.

– కొక్కెం మొనను గోటి మీద ఆనించి లాగండి. జారితే మొద్దుబారినట్టే.