ఆరోగ్య పరిశోధన ఉంది, జిల్లా ఆరోగ్య ప్రణాళికలో కనిపించదు: లోపం ఎక్కడ?

సమస్య: పరిశోధన నివేదిక ఇచ్చాం. డీఎంహెచ్‌ఓ (జిల్లా వైద్య, ఆరోగ్య అధికారి) ఆఫీసులో ఫైలు కదల్లేదు.

కారణం: అధికారి అడగని ప్రశ్నకు జవాబిచ్చాం, అదీ ఆలస్యంగా. ఏప్రిల్‌లో మొదలయ్యే ఆర్థిక సంవత్సరానికి ప్రతిపాదనలు కొన్ని నెలల ముందే పైకి వెళ్తాయి. మార్చిలో చేరిన నివేదికకు బడ్జెట్‌లో చోటుండదు.

పరిష్కారం: ‘ఈ ఏడాది మీరు తేల్చుకోవాల్సింది ఏమిటండీ?’ అని ముందే వెళ్లి అడగాలి. ఉగాండాలోని మకెరెరె విశ్వవిద్యాలయంలో 2010లో ఇలాంటి సేవ మొదలైంది. అధికారులు ప్రశ్న పంపితే, దొరికిన ఆధారాలను క్రోడీకరించి 28 రోజుల్లోపు ఇస్తారు. మనకంటే పేద దేశం చేయగలిగింది మన తిరుపతి జిల్లాలోనూ చేయొచ్చు. రాయడానికి 1-3-25 పద్ధతి మంచిది: ఒక పేజీలో ముఖ్యాంశాలు, 3 పేజీల్లో సారాంశం, 25 పేజీల్లో వివరాలు.

సమస్య: సర్వే అంకెలు, పీహెచ్‌సీ (ప్రాథమిక ఆరోగ్య కేంద్రం) రికార్డులు పొంతన లేకుండా ఉన్నాయి.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్-5) 2019-21లో జరిగింది. తిరుపతి జిల్లా ఏర్పడింది 2022 ఏప్రిల్ 4న, అదీ పాత చిత్తూరు జిల్లా నుంచి విడిపోయి, నెల్లూరు వైపు నుంచి సూళ్లూరుపేట లాంటి ప్రాంతాలను కలుపుకొని. సర్వేలోని పాత చిత్తూరు శాతాన్ని తెచ్చి తిరుపతికి అంటిస్తే తప్పు లెక్కే వస్తుంది. మండలాలవారీ రికార్డులు తీయాల్సిందే, ఓపిక కావాలి.

సమస్య: ఆధారం బలంగా ఉంది, మందు కూడా ఇచ్చాం, ఫలితం లేదు.

నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఇదే. పిల్లల నీళ్ల విరేచనాలకు ఓఆర్‌ఎస్‌తో పాటు జింక్ ఇవ్వమని డబ్ల్యూహెచ్‌ఓ, యునిసెఫ్ 2004లోనే చెప్పాయి. మన దగ్గర 14 రోజుల కోర్సు. విరేచనాలు రెండు మూడు రోజుల్లో తగ్గగానే, బిడ్డకు బాగైందని తల్లి మాత్రలు ఆపేస్తుంది. ఆమె తప్పేం లేదు, ఎందుకు కొనసాగించాలో ఎవరూ చెప్పి ఉండరు. స్టాక్ రిజిస్టర్‌లో మాత్రం మాత్రలు ఖర్చయినట్టే ఉంటుంది. జింక్ పనిచేస్తుందా అన్నది ప్రపంచమంతా కలిసి తేల్చిన ప్రశ్న. మన ఊళ్లో పూర్తిగా వేస్తున్నారా అన్నది మనమే తేల్చుకోవాలి. పదో రోజున ఆశా కార్యకర్త ఆ ఇంటికి వెళ్లి స్ట్రిప్‌లో మిగిలిన మాత్రలు లెక్కపెడితే చాలు, జవాబు దొరుకుతుంది. ఆ లెక్క ప్రణాళికలోకి వెళ్తే, తల్లులకు చెప్పడానికి సమయం, శిక్షణ అడగొచ్చు.

సమస్య: మీటింగ్‌లో ఇద్దరు డాక్టర్లు, రెండు అధ్యయనాలు, తెగని వాదన.

ఒక్క అధ్యయనంతో విధానం రాయకూడదు. అన్నింటినీ కలిపి తూచిన సమీక్ష ఉందేమో చూడండి. వైద్య అధ్యయనాలను ఇలా కలిపి తూచే అంతర్జాతీయ సంస్థ కాక్రేన్ సమీక్షల సారాంశాలు సులభమైన భాషలో, ఉచితంగా దొరుకుతాయి.

సమస్య: అధికారి బదిలీ అయ్యారు, అంతా మళ్లీ మొదటికొచ్చింది.

ఆ ఒక్క పేజీ ముఖ్యాంశాలు ఆయన ఫోన్‌లో మాత్రమే ఉంటే ఇలాగే అవుతుంది. తేదీ వేసి జిల్లా ప్రోగ్రాం ఫైలులో పెట్టించండి, కొత్తవారు చేరిన వారంలోపే వెళ్లి కలవండి.