39 దగ్గర ఆగిపోయే పత్తి

మాది కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్న నడిగడ్డ. బడి సెలవులొస్తే అమ్మ వెంట సీడు పత్తి చేలల్లో క్రాసింగ్‌కు, అంటే ఒక రకం పువ్వు పొడిని ఇంకో రకం పువ్వుకు చేత్తో అంటించే పనికి పోయేదాన్ని. ఇప్పుడు డిగ్రీ పిల్లలకు వృక్షశాస్త్రం చెబుతున్నా. జాతి అంటే ఏమిటో చేత్తో చేసి చూస్తేనే మనసుకు పడుతుంది. హైబ్రిడ్ కాని సూటి రకాల అమెరికన్ పత్తి రెండు, వేరే జాతి అయిన దేశీ పత్తి ఒకటి పెంచండి.

సాయంత్రం 4 దాటాక, మర్నాడు విచ్చబోయే మొగ్గను వెతకండి. రెక్కలు మీగడరంగులో చుట్టుకుని పైకి పొడుచుకొస్తాయి. బొటనవేలి గోరు అడుగున దించి, మెలితిప్పుతూ లాగితే రెక్కలూ కేసరాలూ కలిసి తొడుగులా ఊడొస్తాయి. లేత పిందె, దాని మీద సన్నని కాడ మిగలాలి. పిందెకు గోరు తగిలితే రాలిపోతుంది. ఒక్క పుప్పొడి తిత్తి మిగిలినా తన పొడితో తానే కాయ కడుతుంది. అందుకే అమ్మ గిల్లిన ప్రతి మొగ్గనూ వెలుతురుకు తిప్పి చూసేది. కాడకు ఎర్ర కాగితం తొడగండి. మర్నాడు పొద్దున 9, 10 గంటలకు పొడి ఇచ్చే రకం నుంచి విచ్చిన పువ్వు తెచ్చి, కాడ కొసకు పొడి బాగా అంటేలా మెల్లగా రుద్దండి. దారం కట్టండి.

అమెరికన్ మీద అమెరికన్ అయితే కాయ నిలుస్తుంది. సూరత్‌లో సి.టి. పటేల్ తయారుచేసి 1970లో విడుదలైన హెచ్-4 ఇలాంటిదే. వాణిజ్యపరంగా సాగైన తొలి హైబ్రిడ్ పత్తి అది. తొలితరం మొక్కలన్నీ ఒకేలా ఉంటాయి. వాటి గింజ వేస్తే మాత్రం పొట్టివి, పొడుగువి, ముందు పూసేవి, ఆలస్యంగా పూసేవి విడిపోతాయి. రైతుకు ఇది నష్టమే. కానీ కరువో తెగులో వచ్చినప్పుడు ప్రకృతి ఏరుకునేది ఈ తేడాల్లోంచే. కనీసం 20 మొక్కలైనా వేసి చూడండి.

ఇక అమెరికన్ మొగ్గలకు దేశీ పొడి పట్టించండి. పదుల కొద్దీ గిల్లాలి, చాలావరకు రాలిపోతాయి. దేశీ పత్తికి 26 క్రోమోజోములు, అమెరికన్‌కు 52. అందులో సగం, ఇందులో సగం కలిస్తే 39. వాటిలో 13 క్రోమోజోములకు జత దొరకదు, అందుకే ఆ మొక్క గొడ్డుపోతుంది.

జాతికీ జాతికీ నడుమ గట్టు ఇదే. 10, 20 లక్షల ఏళ్ల కిందట ఆ గట్టు ఒకసారి తెగింది. మన దేశీ పత్తికి చుట్టమైన ఒక పత్తి, అమెరికా ఖండపు అడవి పత్తితో కలిసింది. రెండిటికీ 26 చొప్పునే. క్రోమోజోములు రెట్టింపై, ప్రతిదానికీ జత దొరికి, 52తో కొత్త పత్తి పుట్టింది. అమెరికన్ పత్తీ ఈజిప్టు పత్తీ దాని సంతతే.

మీకు 39 మొక్క ఒక్కటి దక్కినా పీకేయకండి. పూలు పూస్తుంది, పిందెలు రాలుస్తుంది. రాలిన పిందెను బ్లేడుతో నిలువునా కోసి, గింజ ఉండాల్సిన చోట చూడండి.